ధర్మానికి అని రాస్తే చాలదు



ఈ రోజు మీతో వీలునామా గురించి, అందులోనూ ఆసుపత్రికి ఏదైనా ఇవ్వదలుచుకున్న వారి వీలునామా గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. దీన్ని తమిళనాట ఉయిల్ అంటారు, కన్నడసీమలో ఉయిలు అంటారు, మహారాష్ట్రలో మృత్యుపత్రం అంటారు. పేరు ఏదైనా మన ఇళ్ళలో ఆ మాట ఎత్తితే పెద్దవాళ్ళు "అశుభం పలక్కు" అని నోరు మూయిస్తారు. అలా మూయించడం వల్ల ఎన్ని మంచి పనులు ఆగిపోయాయో ఎవరూ లెక్క పెట్టలేదు. అలా ఆగిపోయిన ఒక మంచిపని నాకు తెలుసు. ముందు అది చెబుతాను.

హోసూరు దగ్గర పల్లె మాది. మా పెదనాయనకు ఊరి చివర మామిడితోట ఉండేది. మా పెద్దమ్మకు ఒకసారి జబ్బు ముదిరి, బస్సులో దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. మంచం ఖాళీ లేదని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఆవిడకు తెలుగు తప్ప మరో మాట రాదు. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళకు తెలుగు రాదు. నొప్పి ఎక్కడో చెప్పబోయి, చెప్పలేక, మూడో రోజున కన్ను మూసింది. ఆ తరువాత పెదనాయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరితోనూ ఒకటే మాట అనేవారు. "నా తరువాత తోట అమ్మి ఆసుపత్రిలో ఒక మంచం వేయించండిరా. మనవాళ్ళ మాట తెలిసిన మనిషిని ఒకణ్ణి పెట్టించండిరా" అని.

1981లో ఆయన ఒక తెల్లకాగితం మీద తన చేత్తోనే రాశారు. "నా తదనంతరము మామిడితోట ధర్మానికి చెందవలెను" అని ఉంది అందులో. కింద సంతకం పెట్టి, పక్కనే ఉన్న నన్ను పిలిచి, "నువ్వూ పెట్టరా, సాక్షి కావాలంట" అన్నారు. నాకు అప్పటికి 19 ఏళ్ళు. పెట్టాను. ఇంకొకరు అక్కర్లేదా అని అడగాలని నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. 1984లో ఆయన పోయారు. కర్మ అయ్యాక కొడుకులు ఆ కాగితం తీసుకుని వకీలు దగ్గరికి వెళ్ళారు. వకీలు దాన్ని ఒక్క నిమిషం చూసి, "ఇది చెల్లదు" అన్నాడు. తోట కొడుకులకు వచ్చింది. ఒకరికి అప్పులున్నాయి, ఒకరికి ఆడపిల్ల పెళ్ళి ఉంది. అమ్ముకున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. చట్టం వాళ్ళకు ఇచ్చింది, వాళ్ళు తీసుకున్నారు. ఆసుపత్రిలో మంచం మాత్రం పడలేదు.

ఆ కాగితం రెండు కారణాల వల్ల చెల్లలేదు. ఆ రెండూ మనమందరం తెలుసుకోదగినవే.

మొదటిది సాక్షులు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి తమ ఎదుట సంతకమో వేలిముద్రో వేయడం వాళ్ళిద్దరూ చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట వినాలి. తరువాత ఆయన ఎదుటే వాళ్ళు సంతకాలు చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండనక్కర్లేదు. కానీ ఒక్కరు మాత్రం ఉంటే చాలదు. హిందువులు, క్రైస్తవులు అందరికీ ఇదే నియమం. సాక్షిగా మీకన్నా వయసులో చిన్నవాళ్ళను, ఊళ్ళో నిలకడగా ఉండేవాళ్ళను ఎంచుకోండి. రేపు కోర్టులో నిలబడి "అవును, నేను చూశాను" అని చెప్పవలసింది వాళ్ళే. ఆస్తి పొందబోయే వాళ్ళనూ, ఆ ఆసుపత్రి ఉద్యోగులనూ సాక్షులుగా పెట్టుకోకండి. ఆసుపత్రితో సంబంధం లేని డాక్టరు ఒకరు సాక్షి అయితే మరీ మంచిది. రాసేనాటికి మీరు స్పృహలో, తెలివితో ఉన్నారని ఆయన చెప్పగలరు.

రెండో కారణం విని మా ఊరంతా నోరు తెరిచింది. "ధర్మానికి" అన్న మాటే ఆ కాగితాన్ని ముంచింది. ఇందుకు పాత తీర్పు ఒకటి ఉంది. 1899లో, మనదేశపు కేసులు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళే రోజుల్లో, రణఛోడ్‌దాస్ - పార్వతీబాయి కేసులో ఆ న్యాయమూర్తులు ఉత్త "ధర్మానికి" అని రాసిన ఆస్తి కేటాయింపు చెల్లదన్నారు. ధర్మం మంచిది కాదని కాదు. ధర్మం అన్న మాటకు హద్దు లేదని. చెరువు తవ్వడం ధర్మమే, అన్నం పెట్టడం ధర్మమే, ఆవుకు గడ్డి వేయడం ధర్మమే, మాట తప్పకపోవడం కూడా ధర్మమే. వీటిలో ఏది చేయించాలో తెలియకపోతే కోర్టు ఏదీ చేయించలేదు. మా పెదనాయన మనసులో ఉన్న ధర్మం ఒక మంచం, ఒక మనిషి. అది ఆయన నోట్లో ఉంది, కాగితం మీద లేదు.

ఎవరో ఒకరు ముందుగా స్పష్టంగా ఆలోచించి ఇస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. చిత్తూరు సరిహద్దు వాళ్ళు తరతరాలుగా వైద్యానికి వెళ్ళే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి ఆసుపత్రినే తీసుకోండి. ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్ళు పురుడు రాక, మగ డాక్టరును దగ్గరికి రానివ్వక చనిపోవడం చూసి, ఐడా స్కడర్ అనే అమ్మాయి అమెరికా వెళ్ళి డాక్టరీ చదివి 1900లో తిరిగి వచ్చింది. ఆమెకు ఆసుపత్రి కట్టడానికి న్యూయార్కుకు చెందిన షెల్ అనే బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరిట 10,000 డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. ఎవరి పేరిట, ఎవరి చేతికి, ఏ పనికి అన్న మూడూ అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆ షెల్ పేరు ఈనాటికీ అక్కడి కంటి ఆసుపత్రికి నిలిచి ఉంది.

అది బతికుండగా ఇచ్చిన దానం. పోయిన తరువాత అందిన దానానికి ముంబయి పరేల్ ఉదాహరణ. అక్కడి మిల్లుల్లో పనిచేసిన మన తెలుగు కార్మికులు ఎందరో ఎక్కిన గడప కె.ఇ.ఎం. ఆసుపత్రి. దానితో కలిసి 1926లో మొదలైన వైద్య కళాశాల పేరు సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్. ఆయన పోయాక ఆయన ఆస్తికి ధర్మకర్తలుగా ఉన్నవాళ్ళు ఆ డబ్బు ఇస్తూ ఒక షరతు పెట్టారు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళు భారతీయులే కావాలి అని. తెల్లదొరలు తప్ప పెద్ద పదవుల్లో మనవాళ్ళు కనిపించని రోజులవి. ఒక చనిపోయిన మనిషి సొమ్ము, దాన్ని కాపాడిన నమ్మకస్తుల తెలివి కలిసి ఒక ఆనవాయితీని మార్చాయి.

నమ్మకస్తులు దొరకకపోతే ఏమవుతుందో చెన్నపట్నం పచ్చయప్ప మొదలియారు కథ చెబుతుంది. ఆయన 1794లో ధర్మకార్యాలకు వీలునామా రాసి ఆ ఏడే కన్నుమూశారు. డబ్బు చేతులు మారి, వ్యాజ్యాల్లో చిక్కుకుని, చివరికి కోర్టు కలగజేసుకుంటే గాని దారికి రాలేదు. ఆయన చెప్పిన ధర్మాలు పోను మిగిలిన ధనంతో 1842లో బడి మొదలైంది. అంటే 48 ఏళ్ళు. ఆ బడే తరువాత పచ్చయప్ప కళాశాల అయింది. సొమ్ము ఉంది, మనసు ఉంది, కాగితం కూడా ఉంది. నడిపించే సరైన చేతులు లేక అర్ధ శతాబ్దం గడిచిపోయింది.

సరే, ఇప్పుడు మన సంగతికి వద్దాం. మీరు ఇవ్వాలనుకుంటున్నారు. మొట్టమొదట ఆలోచించవలసింది ఆసుపత్రి గురించి కాదు, ఇంట్లోవాళ్ళ గురించి. ఇల్లాలికి నీడ, కూడు ఉండాలి. చేతగాని బిడ్డ ఉంటే ఆ బిడ్డకు జరుగుబాటు ఉండాలి. హిందువుల పోషణ చట్టం 1956లోనే ఈ సంగతి చెప్పింది. మీ మీద ఆధారపడినవాళ్ళకు మీరు ఏమీ మిగల్చకపోతే, ఆస్తి పొందినవాళ్ళు దానిలోంచి వాళ్ళను పోషించాలి. ఆకలితో ఉన్న మనిషిని ఆసుపత్రి మీదికి వ్యాజ్యానికి పంపే దానం దానం కాదు.

తరువాత, మీది ఏదో మీరు తెలుసుకోవాలి. మీరు సంపాదించుకున్నది పూర్తిగా మీ ఇష్టం. పిత్రార్జితంలో మాత్రం మీ వాటా వరకే మీరు రాయగలరు. ఆ వాటా లెక్కలో కూతుళ్ళను మరిచిపోకండి. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు తమిళనాడులో 1989లో, కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ 1994లో సమాన హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా, కూతురు కొడుకుతో సమానం. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని కూడా 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసేశాను, మిగిలిందంతా నాదే" అనుకుని ఊరు ఊరంతా రాసేస్తే అందులో సగం మీది కాకపోవచ్చు.

ముస్లిం సోదరులకు వారి ధర్మశాస్త్రం వేరే హద్దు పెట్టింది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరగా మిగిలినదానిలో మూడో వంతు దాకా వసియ్యత్ చేయవచ్చు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. నోటిమాటగా చెప్పినా అది చెల్లుతుంది గాని, రాసి పెట్టడమే క్షేమం. క్రైస్తవులకు ఒకప్పుడు ఒక ఇబ్బంది ఉండేది. దగ్గరి బంధువులున్నవాళ్ళు ధర్మకార్యాలకు ఆస్తి రాస్తే, రాసిన తరువాత కనీసం ఏడాది బతికి ఉంటే గాని చెల్లేది కాదు. ఆ 118వ సెక్షనును 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు ఆ భయం లేదు. యానాం శ్రోతలకు ఇంకొక మాట. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ కింద తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టాన్ని ఎంచుకున్న కుటుంబాలవాళ్ళను రెనొన్సాంట్లు అంటారు. వాళ్ళకు ఫ్రెంచి సివిల్ కోడ్ వారసత్వ నియమాలు వర్తిస్తాయి. ఆ నియమాల్లో పిల్లలకు కొంత భాగం కట్టుదిట్టంగా కేటాయించి ఉంటుంది. మీ తాతల కాగితాల్లో ఆ మాట ఉందేమో చూసుకుని తరువాత రాయండి.

ఇక రాయడం. ఆసుపత్రికి ఇచ్చే వీలునామాలో అయిదు సంగతులు తప్పనిసరిగా ఉండాలంటాను నేను. అయిదు వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

బొటనవేలు, పేరు. బోర్డు మీద కనిపించే పేరు కాదు. ఆ ఆసుపత్రిని నడిపే ట్రస్టు లేదా సొసైటీ రిజిస్టరైన పేరు, ఊరు, రిజిస్ట్రేషను నంబరు రాయాలి. ఆసుపత్రి కార్యాలయంలో అడిగితే ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రికి ఇవ్వాలనుకుంటే, 2005 తరువాత చాలా రాష్ట్రాల్లో రోగి కల్యాణ సమితులు ఏర్పడ్డాయి. కర్ణాటకలో ఆరోగ్య రక్షా సమితి అంటారు. ఇలాంటి సమితులు దానాలు తీసుకోగలవు. మీ ఊరి ఆసుపత్రికి అలాంటి సమితి ఉందేమో కనుక్కోండి.

చూపుడువేలు, ఎంత. "లక్ష రూపాయలు" అని రాస్తే, ఇరవై ఏళ్ళకు ఆ లక్ష విలువ ఎంతకు దిగుతుందో మనకు తెలుసు. దానికంటే "నా ఆస్తిలో పదో వంతు" అనో, "అందరికీ ఇచ్చాక మిగిలినది" అనో రాయడం మేలు. ఆస్తి పెరిగితే దానమూ పెరుగుతుంది, తరిగితే ఇంట్లోవాళ్ళకు భారం కాదు.

నడిమివేలు, ఎందుకు. మంచాలకా, బీదవాళ్ళ మందులకా, రోగి వెంట వచ్చినవాళ్ళు తలదాచుకునే గదికా? అసలు తాకకుండా వడ్డీతో నడపాలా, మొత్తం ఖర్చు పెట్టవచ్చా? ఇది చెప్పండి. కానీ గొంతు బిగించకండి. ఫలానా కంపెనీ ఫలానా యంత్రం అని రాస్తే, మీరు పోయేనాటికి ఆ యంత్రం పాతబడిపోతుంది.

ఉంగరపు వేలు, లేకపోతే. ఆ ఆసుపత్రి మూతబడితే ఏం చేయాలి? "అదే జిల్లాలో బీదలకు వైద్యం చేసే మరొక సంస్థకు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, మీ దానం దారి తప్పదు.

చిటికెనవేలు, ఎవరు. వీలునామా అమలు జరిపే మనిషిని పేరు పెట్టి నియమించండి. దాన్నే ఎగ్జిక్యూటరు అంటారు. ఆయనకు కుదరకపోతే మరొకరి పేరు కూడా రాయండి. పచ్చయప్ప కథ గుర్తుంచుకోండి. ఇక్కడ బంధుత్వం కన్నా నమ్మకం పెద్దది.

భూమి విషయంలో కాస్త జాగ్రత్త. వ్యవసాయ భూమిని నేరుగా ఆసుపత్రి పేర రాసేముందు తహసీల్దారు కార్యాలయంలో విచారించండి. గుజరాత్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2020లో సుప్రీంకోర్టు, 1948 నాటి బొంబాయి కౌలు, వ్యవసాయ భూముల చట్టం ప్రకారం వ్యవసాయదారు కానివారికి వీలునామా ద్వారా కూడా భూమి పోదని తీర్పు చెప్పింది. షోలాపూర్ వైపు ఉన్నది ఆ 1948 చట్టమే. ఒడిశాలో కోరాపుట్, రాయగడ వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నుంచి నిబంధన ఉంది. అది గిరిజనుల మేలుకోసం వచ్చినదే. ఇలాంటి చిక్కు ఉన్న చోట భూమి బదులు బ్యాంకులో ఉన్న డబ్బో, ఊళ్ళో ఉన్న ఇల్లో రాయడం మంచిది. లేదా చట్టానికి లోబడి భూమి అమ్మి, వచ్చిన సొమ్ము ఆసుపత్రికి ఇమ్మని ఎగ్జిక్యూటరుకు అప్పగించవచ్చు.

బ్యాంకు అంటే గుర్తొచ్చింది. డిపాజిట్టుకు నామినీగా ఎవరి పేరో రాశాం కాబట్టి డబ్బు వాళ్ళదే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. బ్యాంకు డిపాజిట్టులో నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. అది ఎవరికి చెందాలో తేల్చేది వీలునామా, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం. కాబట్టి డిపాజిట్టు ఆసుపత్రికి పోవాలంటే ఆ మాట వీలునామాలో ఉండాలి.

ఇప్పుడు సరిహద్దు తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక సంగతి. వీలునామా ఏ భాషలో రాయాలి? మీకు బాగా వచ్చిన భాషలో. తెలుగులో రాసిన వీలునామా బళ్ళారిలోనైనా, కృష్ణగిరిలోనైనా, బరంపురంలోనైనా చెల్లుతుంది. రిజిస్టరు చేయించాలంటే, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 19వ సెక్షను ఒక దారి చూపింది. అధికారికి రాని భాష, ఆ జిల్లాలో వాడుకలో లేని భాష అయితే, జిల్లా భాషలోకి సరైన అనువాదమూ ఒక నకలూ జతచేసి ఇవ్వాలి. అంతే. దస్తావేజు రాసేవాళ్ళ సౌకర్యం కోసం మీకు చదవడం రాని భాషలో రాయించుకోకండి. తప్పనిసరై రాయించుకుంటే, ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించుకుని, "నాకు తెలుగులో చదివి వివరించగా విని సమ్మతించితిని" అన్న మాట అందులోనే రాయించండి. మైసూరు ప్రాంతం నుంచి వెళ్ళిన ఒక వీలునామా కేసులో 1958లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అనుమానం కలిగించే పరిస్థితులు ఉంటే, వాటిని తొలగించవలసిన బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవాళ్ళదే అని. చదవలేని భాషలో ఉన్న కాగితం కన్నా పెద్ద అనుమానం ఇంకేముంటుంది?

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వీలునామాకు స్టాంపు కాగితమూ అక్కర్లేదు. కానీ రిజిస్టరు చేయిస్తే కాగితం పోయినా నకలు దొరుకుతుంది. మీరు బతికి ఉన్నంత కాలం ఆ నకలు ఇంకెవరికీ ఇవ్వరు. మంచం దిగలేని స్థితిలో ఉంటే రిజిస్ట్రారు ఇంటికే వచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియకూడదనుకుంటే, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు. కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు. మనసు మారితే మరొకటి రాసుకోవచ్చు. ఎన్ని రాసినా చివరిదే లెక్క.

వీలునామాకూ, దానపత్రానికీ తేడా ఇక్కడే ఉంది. స్థలమో ఇల్లో దానపత్రం రాసి, రిజిస్టరు చేసి, ఆసుపత్రి వాళ్ళు స్వీకరించాక, మామూలుగా అది వెనక్కి రాదు. స్టాంపు ఖర్చు కూడా ఉంటుంది. వీలునామా మీరు ఉన్నంతకాలం మీ చేతిలోదే. అందుకే ముసలితనంలో గూడు పోగొట్టుకుంటామన్న భయం ఉన్నవాళ్ళకు వీలునామా దారి. కలిగినవాళ్ళు బతికుండగానే కొంత ఇచ్చి, ఆ డబ్బు ఎలా వాడుతున్నారో కళ్ళారా చూసి, మిగిలినది వీలునామాలో రాయడం అన్నిటికన్నా తెలివైన పని. ఇంకొక మాట. అమెరికాలో ఆస్తి పన్ను తప్పించుకోవడానికి వీలునామాలో ఆసుపత్రులకు రాస్తారని మన పిల్లలు ఫోన్లో చెబుతుంటారు. మన దేశంలో చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్నును 1985లోనే తీసేశారు. కాబట్టి ఇక్కడ వీలునామాలో రాసేది పన్ను కోసం కాదు, మనసు కోసమే.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో "నాన్న పేరిట నేనూ కొంత వేస్తాను" అనవచ్చు. సంతోషమే. భారత పౌరులుగానే ఉండి తమ సంపాదనలోంచి పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే ఆసుపత్రికి కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. పంపేముందు అడగమనండి.

ఇన్ని చెప్పాక, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి మిగిలింది. రాసిన సంగతి పిల్లలకు చెప్పండి. ఎంత అన్నది చెప్పకపోయినా, ఎందుకు అన్నది చెప్పండి. పన్నెండో రోజున కాగితం తెరిచినప్పుడు మొదటిసారి తెలిస్తే, "నాన్నకు మేమంటే ఇష్టం లేదు" అని బిడ్డల గుండెల్లో ముల్లు దిగుతుంది. వ్యాజ్యాలు డబ్బు మీద ఆశతో కన్నా ఆ ముల్లుతోనే ఎక్కువగా మొదలవుతాయి. మీ భార్యకు ప్రాణం పోసిన డాక్టరు గురించో, వరండాలో గడిపిన రాత్రి గురించో మీ నోటితో వాళ్ళకు చెబితే, ఆ కాగితాన్ని కాపాడేది వాళ్ళే అవుతారు. నన్నడిగితే మా పెదనాయన కొడుకులు కూడా కాపాడి ఉండేవాళ్ళు. ఆయన అరుగు మీద అందరికీ చెప్పారు గాని, వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టుకుని ఏనాడూ చెప్పలేదు.

శ్రోతలారా, నేను 60 దాటిన ఏడు నా వీలునామా రాశాను. తెలుగులోనే రాశాను, అనువాదం జతచేసి రిజిస్టరు చేయించాను. ఇంటి ఆవిడకు ఇల్లు, పిల్లలకు వాళ్ళ భాగాలు పోను మిగిలిన దానిలో ఒక వంతు మా వైపు ఆసుపత్రి ఒకదానికి. దాని వడ్డీతో ఒక మంచం ఖర్చు భరించాలి, మిగిలితే తెలుగు తెలిసిన సహాయకుడికి జీతంలో చేర్చాలి అని రాశాను. ఇది నా సొంత ఆలోచన కాదు, మా పెదనాయనది. నా కూతుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. చిన్నది కళ్ళు తుడుచుకుని, "సరే నాన్నా" అంది.

1981లో ఆయన కాగితం మీద సాక్షి సంతకం నాదొక్కటే. నా కాగితం మీద ఇద్దరివి ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా ఇలాంటి కోరిక ఏదైనా ఎవరి నోట్లోనైనా నలుగుతూ ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తండి. అశుభం అన్నవాళ్ళకు, ఒక ఆసుపత్రిలో మంచం వేయడం అశుభం ఎలా అవుతుందో అడగండి. వచ్చేవారం మంచి వకీలునో, అనుభవం ఉన్న దస్తావేజు లేఖకుడినో కలవండి.